ఈసీఈలో చేరుతున్నా, పాత లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకోవచ్చా?

రాజోలు_రవ్వ | 9 ఆగస్టు 2025

అందరికీ నమస్తే. ఈ నెలలోనే బీటెక్ ఈసీఈలో చేరుతున్నాను, కాకినాడలో హాస్టల్. కొత్త లాప్‌టాప్ కొనే ఉద్దేశం ఇంట్లో ఇప్పట్లో లేదు. మా అన్నకి ఆఫీసులో కొత్తది ఇచ్చారు కాబట్టి తన పాతది నాకిచ్చేశాడు. ఐ5 ఏడో జనరేషన్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పక్కన డీవీడీ డ్రైవ్ కూడా ఉంది. లోపల విండోస్ 10. ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. పైగా అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోతుందని మెసేజ్. 11కి మారదామంటే ఈ ప్రాసెసర్ సరిపోదంటోంది.

ఇంకో చిక్కు. నాన్నది ఊళ్లో డీటీపీ షాపు. పెళ్లిళ్ల సీజన్లో పని ఎక్కువైతే ఈ లాప్‌టాప్‌లోనే పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) తెరిచి అను తెలుగు ఫాంట్లతో కార్డులు కొడతారు. సెలవులకి నేను ఇంటికెళ్తే ఇది మళ్లీ ఆయన చేతికి వెళ్తుంది.

లినక్స్ గురించి చదవడమే గానీ ఎప్పుడూ వాడలేదు. పూర్తిగా మారిపోవచ్చా? కాలేజీలో ఇబ్బంది పడతానా?

పెంగ్విన్‌పురం | 9 ఆగస్టు

లినక్స్ మింట్ వేసెయ్. వెనక్కి తిరిగి చూడకు.

ఓరుగల్లు_ఓల్ట్ | 9 ఆగస్టు

పైన అన్న చెప్పినంత తేలిక కాదు చెల్లీ. నేనూ ఈసీఈనే, ఫైనల్ ఇయర్. లినక్స్ మంచిదా విండోస్ మంచిదా అన్నది పక్కన పెట్టు. నీ బ్రాంచిలో నాలుగేళ్లూ ఏ ల్యాబ్‌లో ఏం వాడతారో ముందు చూడు.

మొదటి ఏడాది సీ ప్రోగ్రామింగ్. దానికి లినక్సే హాయి, జీసీసీ కంపైలర్ ఉంటే చాలు. తర్వాత సిగ్నల్స్ ల్యాబ్‌లో మ్యాట్‌ల్యాబ్, అది లినక్స్‌లో కూడా నడుస్తుంది. కాలేజీ లైసెన్స్ లేకపోతే దాని బదులు ఉచితంగా దొరికే ఆక్టేవ్ ఉంది, చాలా ప్రోగ్రాములు మార్పు లేకుండా అందులోనే నడిచిపోతాయి. ఎనలాగ్ సర్క్యూట్స్ దగ్గర మొదలవుతుంది గొడవ. సర్క్యూట్లు గీసి నడిపి చూసే మల్టీసిమ్ విండోస్‌ది. ప్రోటియస్ విండోస్‌ది. మైక్రోకంట్రోలర్స్ ల్యాబ్‌కి వస్తే 8051 చిప్ కోసం అందరూ వాడే కీల్ మైక్రోవిజన్ కూడా విండోస్‌దే. ప్రత్యామ్నాయాలు లేవని కాదు. కీల్ బదులు ఎస్‌డీసీసీ ఉంది, సర్క్యూట్లకి ఎన్‌జీస్పైస్ ఉంది, ఐఐటీ బాంబేలోని ఫాసీ వాళ్ల ఈసిమ్ ఉంది. కానీ రికార్డులో కీల్ స్క్రీన్‌షాట్ అతికించమన్న మేడమ్‌కి నువ్వు ఎస్‌డీసీసీ గొప్పదనం చెప్పి ఒప్పించలేవు.

తమాషా ఏంటంటే చివరికి వచ్చేసరికి అంతా తిరగబడుతుంది. వీఎల్‌ఎస్‌ఐలో, అంటే చిప్ డిజైన్లో, వాడే కేడెన్స్ వర్చువోసో నడిచేది లినక్స్ మీదే. నాలుగో ఏడాదిలో ఆ ల్యాబ్‌కి వెళ్లి టెర్మినల్ చూసి బిత్తరపోయే మావాళ్లని రోజూ చూస్తున్నా. డిజిటల్ సర్క్యూట్ల డిజైన్‌కి వాడే వివాడో రెండింటిలోనూ నడుస్తుంది. కాకపోతే పదుల జీబీలు మింగుతుంది, 8 జీబీ ర్యామ్ మీద ఏడిపిస్తుంది.

అందుకే ఈసీఈ వాళ్లకి రెండూ కావాలి. ఒకటి తీసేసి ఇంకొకటి అనుకోకు.

క్లచ్_వైర్ | 9 ఆగస్టు

ఇంత కథ ఎందుకు? రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేస్తే టీపీఎం (సెక్యూరిటీ చిప్), ప్రాసెసర్ చెకింగులు ఎత్తేసే ఆప్షన్ ఉంటుంది. టిక్ పెట్టి విండోస్ 11 వేసుకో. మా ఫ్రెండ్స్ చాలామంది ఆరో జనరేషన్ మీదే నడిపిస్తున్నారు.

టెర్మినల్_తాత | 9 ఆగస్టు

నడుస్తుంది, కాదనను. కానీ అధికారిక జాబితాలో ఇంటెల్‌కి ఎనిమిదో జనరేషన్ నుంచే చోటు, ఏడులో ఒకటి రెండు మినహాయింపులు తప్ప. దొడ్డిదారిన వేసుకుంటే ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ దానంతట అది రాదు. ప్రతిసారీ చేత్తో ఎక్కించుకోవాలి. పరీక్షల ముందు ఈ తలనొప్పి ఆ పిల్లకెందుకు?

తొందరేమీ లేదని కూడా చెప్పాలి. విండోస్ 10కి మామూలు వాడకందార్లకీ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 30 డాలర్లు. ఆ ఏడాదిలో నింపాదిగా మారొచ్చు.

అసలు రోగం విండోస్ కూడా కాదమ్మా, ఆ తిరిగే హార్డ్ డిస్క్. దాని బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వెయ్యకుండా ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా నీ టీ చల్లారుతూనే ఉంటుంది.

రాజోలు_రవ్వ | 10 ఆగస్టు

థాంక్యూ అన్నా, థాంక్యూ తాతగారూ (మీరు నిజంగా తాతగారేనా?). ఎస్‌ఎస్‌డీకి నాన్న ఒప్పుకున్నారు. 500 జీబీది మూడు, నాలుగు వేల మధ్యలో కనబడుతోంది. మరి పాత డిస్క్ ఏం చెయ్యాలి? అందులోనే నాన్న ఫైళ్లన్నీ ఉన్నాయి.

సీటీసీ_సత్తి | 10 ఆగస్టు

పాత డిస్క్ పారెయ్యకు. డీవీడీ డ్రైవ్ ఉందన్నావుగా, అది ఊడదీసి దాని చోట క్యాడీ పెట్టు. క్యాడీ అంటే హార్డ్ డిస్క్ కూర్చునే ట్రే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఏ షాపులో అడిగినా ఇస్తారు, ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది. కొనేముందు మందం కొలుచుకో. 9.5 మిల్లీమీటర్లది, 12.7ది అని రెండు రకాలుంటాయి. తప్పుది తెస్తే దూరదు. ఎస్‌ఎస్‌డీని అసలు డిస్క్ చోట పెట్టు, పాతదాన్ని క్యాడీలోకి మార్చు. క్యాడీలో ఎస్‌ఎస్‌డీ పెడితే కొన్ని మోడళ్లలో స్పీడు తగ్గుతుంది.

అమలాపురం_నాన్న | 10 ఆగస్టు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అమ్మాయికి సీఎస్‌ఈ వచ్చింది. మ్యాక్‌బుక్ కావాలంటోంది. ఇంట్లో ఇన్నేళ్లూ విండోసే. నేను ఎల్‌ఐసీ ఏజెంటుని, నాకు ఇవేమీ తెలియవు. అంత పెట్టి కొంటే నాలుగేళ్లూ పనికొస్తుందా? దుకాణంలో అడిగితే ఏది చూపించినా కొనమంటున్నారు.

హైటెక్_హనుమ | 10 ఆగస్టు

సీఎస్‌ఈకి అయితే భయం లేదండీ. మ్యాక్ అడుగున ఉన్నది లినక్స్‌ని పోలిన యూనిక్స్ కుటుంబమే కాబట్టి టెర్మినల్, పైథాన్, జావా, గిట్ అన్నీ హాయిగా నడుస్తాయి. బ్యాటరీ విషయంలో దానికి సాటి లేదు, ప్లగ్ పాయింట్ కోసం కొట్టుకునే క్లాసుల్లో అది చిన్న విషయమేం కాదు.

ఒక్కటి గమనించండి. 2020 చివర్లో ఎమ్1 వచ్చిన దగ్గర్నుంచి ఆపిల్ సొంత చిప్‌లే. ఇదివరకు ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ కూడా వేసుకునేవాళ్లు, ఇప్పుడా దారి మూసుకుపోయింది. ప్యారలల్స్ లాంటి సాఫ్ట్‌వేర్లతో ఆర్మ్ విండోస్ (ఆ రకం చిప్‌లకి చేసిన విండోస్) నడపొచ్చు గానీ దానికి వేరే డబ్బు. రేపు అమ్మాయి బ్రాంచి మార్చుకుని మెకానికల్‌కో ఈసీఈకో వెళ్తే కష్టం. సాలిడ్‌వర్క్స్‌కీ వివాడోకీ మ్యాక్ వెర్షన్లే లేవు.

కొనేదైతే 16 జీబీది తీసుకోండి, తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుండదు. ఆపిల్ సొంత సైట్‌లో విద్యార్థులకు వేరే ధర ఉంటుంది, అదీ చూడండి. అదే డబ్బుకి మంచి విండోస్ లాప్‌టాప్ కొని మిగిలినది దాచినా నేను తప్పు పట్టను. బలవంతంగా వద్దనాల్సిన అవసరమూ లేదు, కొనాల్సిన అవసరమూ లేదు.

డాలస్_బాబాయి | 11 ఆగస్టు

ఇండియాలో సంగతి మీకే తెలియాలి. ఇటు ఎంఎస్‌కి వచ్చేవాళ్లు మాత్రం ఇది చదవండి. ఇక్కడ చాలా కోర్సుల్లో ఆన్‌లైన్ క్విజ్‌లకి లాక్‌డౌన్ బ్రౌజర్ వాడతారు, అది తెరిస్తే పరీక్ష తప్ప ఇంకేదీ తెరవనివ్వదు. రెస్పాండస్ వాళ్లది విండోస్, మ్యాక్, క్రోమ్‌బుక్, ఐప్యాడ్‌లలో నడుస్తుంది. లినక్స్‌కి లేదు. లినక్స్‌లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల ఇంకో నకలు కంప్యూటర్) పెట్టి దాంట్లో విండోస్ వేసి తెరుద్దామంటే పసిగట్టి ఆగిపోతుంది. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కీ లినక్స్ వెర్షన్ లేదు. ఒక్క లినక్సే ఉన్న లాప్‌టాప్‌తో దిగినవాళ్లు పరీక్ష రోజున లైబ్రరీలో అరువు లాప్‌టాప్ కోసం లైన్లో నిలబడటం నేను చూశాను. అసలైన విండోస్ ఒక మూల ఉంచుకోండి, మరీ అభిమానం ఎక్కువైతే 100 జీబీలే ఇవ్వండి దానికి.

ఓరుగల్లు_ఓల్ట్ | 11 ఆగస్టు

బాబాయ్, ఇక్కడా అంతే. ప్లేస్‌మెంట్ టెస్టులు కొన్ని క్రోమ్‌లో కెమెరా ఆన్ చేస్తే చాలంటాయి, కొన్ని సొంత అప్లికేషన్ వేసుకోమంటాయి. ఆ రెండో రకం విండోస్ తప్ప వేరే ప్రపంచం ఉందని ఒప్పుకోవు.

బగ్గు_బుజ్జి | 11 ఆగస్టు

నాకర్థం కానిది ఒక్కటే. విండోస్ లోపలే డబ్ల్యూఎస్‌ఎల్ ఉంది, ఒక్క కమాండ్‌తో ఉబుంటు లినక్స్ వచ్చేస్తుంది. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేసి ఆన్ చేసినప్పుడల్లా ఒకటి ఎంచుకునే ఈ డ్యూయల్ బూట్ పూజలు ఇంకా ఎందుకు చేస్తున్నారు? ల్యాబ్‌లో చేసే ఫోర్క్, పైప్, షెల్ స్క్రిప్టులు అన్నీ దాంట్లోనే అయిపోతాయి.

టెర్మినల్_తాత | 11 ఆగస్టు

కొత్త లాప్‌టాప్, 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకి నేనూ అదే చెప్తాను బుజ్జీ. డబ్ల్యూఎస్‌ఎల్ 2 అంటే అడుగున నడిచేది వర్చువల్ మెషినే. ఈ అమ్మాయిది రెండు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ. విండోస్, దాని మీద డిఫెండర్ యాంటీవైరస్, దాని మీద క్రోమ్, దాని మీద ఇంకో లినక్స్ అంటే ఆ ఫ్యాను హెలికాప్టర్ లాగా మొత్తుకుంటుంది. నేరుగా లినక్స్ మీద కూర్చుంటే అదే మెషిన్ ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంకో సంగతి. సిలబస్ చూడండి. జేఎన్‌టీయూ ఐటీ వర్క్‌షాప్ ల్యాబ్‌లో ప్రతి విద్యార్థీ తన చేత్తో విండోస్, ఆ పక్కనే లినక్స్ వేసి డ్యూయల్ బూట్ చెయ్యాలని రాసే ఉంటుంది. చాలా చోట్ల రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవడంతో ఆ ముచ్చట తీరిపోతుంది. నిజంగా చేసి చూసే అవకాశం ఈ అమ్మాయికి వచ్చింది.

ఇక పని సంగతి. రవ్వ తల్లీ, ఇది జాగ్రత్తగా చదువు, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

ముందు నాన్నగారి ఫైళ్లు, ఫాంట్లు వేరే డిస్క్‌లోకి కాపీ తియ్యి. ఇది చెయ్యకుండా స్క్రూడ్రైవర్ ముట్టుకోకు.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నది పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. ఆ స్థితిలో లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. ఫైల్ సేవ్ కావట్లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

విండోస్ బూట్ అయ్యేది కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఉందా, పాత లెగసీ పద్ధతిలో ఉందా చూసుకుని లినక్స్‌నీ అదే పద్ధతిలో వెయ్యి. కలగలిపితే బూట్ మెనూలో ఒకటి కనబడితే ఇంకోటి కనబడదు.

లినక్స్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ ఊడదీసి బల్ల మీద పెట్టు. లోపల ఒక్క ఎస్‌ఎస్‌డీయే ఉంటే పొరపాటున చెరిపేయడానికి ఇంకేమీ ఉండదు. అంతా అయ్యాక క్యాడీలో పాతది పెట్టి, లినక్స్‌లోకి వెళ్లి గ్రబ్‌ని, అంటే బూట్ మెనూ చూపించే ప్రోగ్రామ్‌ని, అప్‌డేట్ చెయ్యి, విండోస్ పేరు మెనూలోకి వస్తుంది. కొన్ని లాప్‌టాప్‌లు క్యాడీలోని డిస్క్ నుంచి బూట్ కావడానికి మొరాయిస్తాయి, అలాగైతే ఇక్కడ రాయి.

గడియారం. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (గ్రీనిచ్ టైమ్) రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుని చదువుతుంది. లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్తే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి ఉంటుంది. మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయిందని షాపుకి పరిగెత్తకు. లినక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒక్క కమాండ్ ఇస్తే సర్దుకుంటుంది.

కొత్త లాప్‌టాప్‌ల వాళ్లకి: మీ డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉండొచ్చు, మీకు తెలియకుండానే. బయాస్‌లోని సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిపినా పార్టిషన్లు కదిపినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇన్‌స్టాలర్‌కి ఎస్‌ఎస్‌డీ అసలు కనబడకపోతే బయాస్‌లో ఇంటెల్ వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ అనే డిస్క్ సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్‌ని దానికి సిద్ధం చెయ్యకుండా అది మార్చేస్తే ఈసారి విండోస్ లేవదు, అదీ గుర్తుంచుకోండి.

బగ్గు_బుజ్జి | 11 ఆగస్టు

సరే తాతా, 8 జీబీకి ఒప్పుకుంటున్నా. 16 ఉన్నవాళ్లకి నా మాట మీదే నేనున్నా.

రాజోలు_రవ్వ | 12 ఆగస్టు

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా తాతగారూ. ఏ వెర్షన్ వెయ్యాలి? ఉబుంటు, మింట్, ఫెడోరా, జోరిన్... వీడియోలు చూస్తుంటే టెన్షన్ పెరుగుతోంది.

పెంగ్విన్‌పురం | 12 ఆగస్టు

నేను మొదటి రోజే చెప్పా.

సరే, ఈసారి కారణం చెప్తా. మింట్ 22 ఆధారపడింది ఉబుంటు 24.04 మీద. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. నీ బీటెక్ అయ్యేదీ 2029లోనే. మధ్యలో వెర్షన్ మార్చే పని లేకుండా నాలుగేళ్లూ గడిచిపోతాయి. ఫెడోరా మంచిదే గానీ ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలలే సపోర్ట్. సెమిస్టర్ పరీక్షలకీ అప్‌గ్రేడ్‌కీ ముడి పడితే నన్ను తిట్టుకుంటావు. మింట్‌లో కింద మెనూ బటన్, టాస్క్‌బార్ అన్నీ నువ్వు ఎరిగినట్టే ఉంటాయి కూడా.

స్వేచ్ఛా_చిలక | 12 ఆగస్టు

ఒంటరిగా కుస్తీ పట్టకండి. స్వేచ్ఛ అని హైదరాబాద్ కేంద్రంగా తెలుగువాళ్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఉంది. తెలుగులో మెనూలతో లినక్స్ డెస్క్‌టాప్ తెచ్చినవాళ్లు వీళ్లే. చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్లగ్ పేరుతో లినక్స్ వాడే విద్యార్థుల బృందాలున్నాయి, మీ కాలేజీలో ఉందేమో సీనియర్లని అడగండి. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్, సీ, లిబ్రాఆఫీస్ (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) పాఠాలు తెలుగు గొంతుతో ఉన్నాయి, ఉచితం.

టెర్మినల్_తాత | 12 ఆగస్టు

చిలకమ్మ చెప్పింది నిజం. అసలు లినక్సే ఒక కాలేజీ కుర్రాడి అవసరంలోంచి పుట్టింది. 1991లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్‌కి అక్కడి కంప్యూటర్లలో ఉన్న యూనిక్స్ లాంటిది ఇంట్లోని 386 కంప్యూటర్ మీద కావాలనిపించింది. అప్పటికి 21 ఏళ్లు. నేనూ ఆ రోజుల్లో విద్యార్థినే, తాత అనేది ఇక్కడ కుర్రాళ్లు పెట్టిన పేరు.

రాజోలు_రవ్వ | 24 ఆగస్టు

వేసేశాను! ఎస్‌ఎస్‌డీలో మింట్, క్యాడీలో పాత విండోస్. బూట్ మెనూలో రెండూ కనబడుతున్నాయి. మింట్ అయితే పాస్‌వర్డ్ కొట్టేలోపే రెడీ.

కాకపోతే వైఫై దొరకట్లేదు. డ్రైవర్ ఇంటర్నెట్ నుంచి దించుకోమంటోంది, ఇంటర్నెట్ కోసం వైఫై కావాలి. హాస్టల్లో లాన్ వైర్ లేదు.

సీటీసీ_సత్తి | 24 ఆగస్టు

ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి తగిలించి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్. వెంటనే నెట్ వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరువు, అందులో కనబడితే టిక్ పెట్టు, రీస్టార్ట్ చెయ్.

రాజోలు_రవ్వ | 24 ఆగస్టు

వచ్చేసింది అన్నా!! 

రాజోలు_రవ్వ | 6 సెప్టెంబర్

మళ్లీ నేనే. సీ ల్యాబ్‌లో ఇచ్చిన ప్రోగ్రామ్ ఇక్కడ కంపైల్ కావట్లేదు. కోనియో హెడర్ ఫైల్ లేదంటోంది. ల్యాబ్ సిస్టమ్‌లలో నీలం స్క్రీన్ టర్బో సీ.

ఓరుగల్లు_ఓల్ట్ | 6 సెప్టెంబర్

హహ, అందరికీ తగిలే దెబ్బే. కోనియో అనేది డాస్ కాలపు కంపైలర్లది, ప్రామాణిక సీలో లేదు. ఆ లైను తీసెయ్, క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ లైన్లు తీసెయ్, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ పెట్టి చివర రిటర్న్ సున్నా రాయి. రికార్డులో మాత్రం మేడమ్ ఎలా రాయమంటే అలా రాయి. టర్బో సీయే కావాలంటే పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్ వేసుకుని దాంట్లో నడుపు. మూడో ఏడాదిలో 8086 ప్రాసెసర్ ప్రోగ్రాములకి మాస్మ్ (అసెంబ్లర్) కోసం ఎలాగూ డాస్‌బాక్స్ కావాలి.

హైటెక్_హనుమ | 6 సెప్టెంబర్

రికార్డు అంటే గుర్తొచ్చింది. లిబ్రాఆఫీస్‌లో టైప్ చేసిన రిపోర్ట్ జిరాక్స్ షాపులో వర్డ్‌లో తెరిస్తే పేజీలు జరిగిపోతాయి. టైమ్స్ న్యూ రోమన్ ఉండదు కాబట్టి దాని కొలతలకే చేసిన లిబరేషన్ సెరిఫ్, క్యాలిబ్రీకి బదులు కార్లిటో వస్తాయి. అక్షరాల వెడల్పు ఒకటే అయినా టేబుళ్ల దగ్గర తేడా పడుతుంది. ప్రింటుకి ఎప్పుడూ పీడీఎఫ్ చేసే తీసుకెళ్లు. సార్ వర్డ్ ఫైలే కావాలంటే కాలేజీ మెయిల్‌తో వర్డ్ ఆన్‌లైన్ వస్తుందేమో చూడు, బ్రౌజర్‌లోనే పని అవుతుంది.

జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్‌ల షార్ట్‌కట్ వైరస్ మింట్‌ని ఏమీ చెయ్యలేదు గానీ, అదే పెన్‌డ్రైవ్ నాన్నగారి విండోస్‌లో పెట్టకు.

రాజోలు_రవ్వ | 7 సెప్టెంబర్

తెలుగు టైపింగ్ కూడా చెప్పండి ప్లీజ్. అను ఫాంట్లు ఇందులో పెట్టి చూశా, గందరగోళంగా వస్తోంది.

స్వేచ్ఛా_చిలక | 7 సెప్టెంబర్

అను అక్షరాలు యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లకీ ఒకటే అయిన అక్షరాల పద్ధతి) కావు. ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన పాత పద్ధతి అది, దాని కీబోర్డు మేనేజర్ విండోస్‌లోనే నడుస్తుంది. నాన్నగారి పనిని ఆ డిస్క్‌లోనే ఉండనివ్వండి. అక్టోబర్ తర్వాత ఆ విండోస్‌ని నెట్‌కి తగిలించకుండా కార్డులకే వాడుకుంటే సరి.

మీ వరకు మింట్‌లో భాషల టైపింగ్‌కి ఐబస్, దానికి కీబోర్డులు తెచ్చే ఎమ్17ఎన్ వేసుకోండి. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ కీబోర్డులన్నీ కనిపిస్తాయి. ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఆర్‌టీఎస్ తీసుకోండి. ఫాంట్లకి గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి ఉచితం. రామభద్ర హెడ్డింగులకి బాగుంటుంది.

సిమెంట్_చిన్నోడు | 9 సెప్టెంబర్

అన్నలూ, థ్రెడ్ మొత్తం చదివా. నాది సివిల్, రెండో ఏడాది. పన్నెండో జనరేషన్ లాప్‌టాప్, విండోస్ 11. నేనూ లినక్స్‌కి మారిపోనా? బిల్డింగుల డిజైన్‌కి స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, డ్రాయింగ్‌కి ఆటోక్యాడ్ నేర్చుకోవాలి.

పెంగ్విన్‌పురం | 9 సెప్టెంబర్

నేను చెప్తున్నానంటే ఆలోచించు తమ్ముడూ: మారకు. ఆ మూడింటికీ లినక్స్ వెర్షన్ లేదు. ఆటోక్యాడ్‌కైనా మ్యాక్‌ది ఉంది, మిగతా రెండూ అచ్చంగా విండోసే. లినక్స్ సరదా ఉంటే బుజ్జి చెప్పిన డబ్ల్యూఎస్‌ఎల్ నీకు సరిగ్గా సరిపోతుంది.

బగ్గు_బుజ్జి | 9 సెప్టెంబర్

ఈ రోజు క్యాలెండర్‌లో రాసుకుంటా.

సిమెంట్ బ్రో, ఆటోక్యాడ్ కోసం క్రాక్ ఉన్న పెన్‌డ్రైవ్ ఎవరినీ అడగకు. ఆటోడెస్క్ సైట్‌లో విద్యార్థినని నిరూపించుకుంటే ఏడాది లైసెన్స్ ఉచితం, చదువు ఉన్నన్నాళ్లూ రెన్యూ చేసుకోవచ్చు. బిల్డింగుల 3డీ మోడళ్లకి వాడే రెవిట్ కూడా దాంతోనే వస్తుంది.